పాత పాటకు పాత తీగ

పాట పాతదైతే సరిపోతుందా? దాన్ని పలికించే తీగ కూడా పాతదే కావాలా?

వినగానే చాదస్తంలా అనిపిస్తుంది. ఘంటసాల పాటను వాల్వు రేడియోలో వింటేనే రుచి అని వాదించే పెద్దాయన ప్రతి వీధిలోనూ ఒకరుంటారు కదా... ఇదీ ఆ బాపతే అనుకుంటాం. కానీ యూరప్‌లో ఈ ఒక్క ప్రశ్న మీద వందేళ్లకు పైగా వాదులాడుకున్నారు. వాదనతో ఆగలేదు. మ్యూజియం బీరువాల్లోంచి వాద్యాలను బయటికి తీశారు. తీయడానికి వీల్లేనివాటికి కొలతలు తీసుకుని అచ్చం అలాంటివే చేయించారు. ఎలా వాయించాలో పాత పుస్తకాలు చదివి నేర్చుకున్నారు. రికార్డులు చేశారు. ఆ రికార్డులు ఇప్పుడు తాండూరులో కూర్చుని కూడా వినొచ్చు.

ఈవారం ముచ్చట వాటి గురించే. దాంతోపాటే, తాండూరుకు పక్కనే ఉన్నా మనం సరిగ్గా వినని మరో తీగ గురించి కూడా.

గొర్రె పేగు, పక్షి ఈక

సుమారుగా 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో పుట్టిన సంగీతాన్ని ‘బరోక్‌’ అంటారు. మన లెక్కలో చెప్పుకోవాలంటే... చార్మినార్‌ కట్టింది 1591లో. ఆ తర్వాత పదహారేళ్లకు, 1607లో, ఇటలీలో మాంటెవెర్డి ‘ఓర్ఫెయో’ అనే సంగీత నాటకాన్ని ఆడించాడు. బాక్‌, హాండెల్‌ ఇద్దరూ 1685లోనే పుట్టారు. అప్పటికి గోల్కొండలో ఇంకా తానీషా ఉన్నాడు. మరో రెండేళ్లకు కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. అంటే మన భద్రాచల రామదాసు కాలానికి కాస్త అటూ ఇటూగా పుట్టిన పాటలన్నమాట.

ఆనాటి వయొలిన్‌ చూస్తే ఇవాళ్టి దానిలాగే ఉంటుంది. తేడా తీగల్లో ఉంది. అప్పటి తీగలు గొర్రె పేగుతో పేనినవి. ఇనుప తీగలు జోరుగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. పేగు తీగను అంత బిగించలేం. అందుకే మోత తక్కువ. కానీ గరుకుగా, దగ్గరగా, చెవిలో మాట్లాడినట్టు ఉంటుంది. కమాను కూడా వేరు. ఇప్పటి కమాను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే బలంతో స్వరాన్ని సాగదీస్తుంది. బరోక్‌ కమాను బయటికి వంపు తిరిగి, తేలిగ్గా ఉంటుంది. స్వరాన్ని గట్టిగా అందుకుని మెల్లగా వదిలేస్తుంది. ఒకటి ఊపిరి బిగపట్టి పాడటం, రెండోది మాట మాటకీ ఊపిరి తీసుకోవడం... అలా అనుకోండి.

ఇక హార్ప్‌సికార్డ్‌. పియానోకు పెద్దన్న లాంటిది. పియానోలో మీట నొక్కితే చిన్న సుత్తి తీగను కొడుతుంది. దీంట్లో పక్షి ఈక మొన తీగను మీటుతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒక్కలాగే వస్తుంది. కొందరికి ఇది నచ్చదు. నాకు మొదట్లో విసుగే పుట్టింది. పది నిమిషాలు గడిచాక తెలుస్తుంది, మోత పెంచి తగ్గించే వీలు లేని వాద్యకారుడు కాలంతో ఆడుకుంటాడని. ఒక స్వరాన్ని వెంట్రుకవాసి ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యంలోనే బరువంతా ఉంటుంది.

శ్రుతి సంగతీ చెప్పుకోవాలి. ఇవాళ ప్రపంచమంతా ఆర్కెస్ట్రాలు ఒక స్వరాన్ని సెకనుకు 440 కంపనాలని ఒప్పుకుని శ్రుతి చేసుకుంటాయి. బరోక్‌ వాద్య బృందాలు ఎక్కువగా 415 పెట్టుకుంటాయి. అంటే అర మెట్టు కిందకి. మనకిది వింతేమీ కాదు. మన గాయకులు ఒకటిన్నర శ్రుతి, రెండు శ్రుతి అని గొంతుకు తగ్గట్టు ఎప్పుడూ పెట్టుకుంటూనే ఉన్నారు. ప్రపంచమంతటికీ ఒకే కొలత అన్నదే కొత్త. ఆ 415 కూడా ఈ కాలం వాళ్లు సౌకర్యం కోసం కుదుర్చుకున్న అంకెే. బాక్‌ కాలంలో ఊరికో శ్రుతి ఉండేది.

హాలు పెద్దదయ్యింది

ఇంత చక్కని వాద్యాలు ఎందుకు మూలపడ్డాయి? సమాధానం సంగీతంలో లేదు, గదిలో ఉంది.

రాజుగారి గదిలో ముప్ఫైమంది కోసం వాయించిన రోజుల్లో పేగు తీగ చాలు. టిక్కెట్టు కొని వెయ్యిమంది వచ్చే హాళ్లు కట్టాక చాలదు. చివరి వరసకు వినబడాలి. వయొలిన్‌ మెడను వెనక్కి వంచి తీగల బిగింపు పెంచారు. పియానోలోకి ఇనుప చట్రం వచ్చింది. మోకాళ్ల మధ్య పట్టుకుని వాయించే ‘వయోలా ద గాంబ’ అనే ఆరేడు తీగల వాద్యం సోదిలోకి లేకుండా పోయింది. దాని మెడకు మెట్లు కూడా పేగుతోనే కట్టేవారు. కావాలంటే జరుపుకోవచ్చు. ఈ మెట్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

హాలు తీసేసిన వాద్యాన్ని తిరిగి తెచ్చింది రికార్డు. మైకును వాద్యం పక్కనే పెడతారు. వినేవాడు తన ఇంట్లో, తన కుర్చీలో ఉంటాడు. వెయ్యిమంది లేరు, చివరి వరస లేదు. మళ్లీ చిన్న గదే! పాత వాద్యాల పునర్జన్మ, ఎల్పీ రికార్డుల కాలం చేతిలో చెయ్యి వేసుకుని నడవడం ఊరికే జరగలేదు.

మొదట్లో అంతా తడబాటే. వాండా లాండౌస్కా అనే పోలిష్‌ విదుషీమణి 1933లో బాక్‌ ‘గోల్డ్‌బెర్గ్‌ వేరియేషన్స్‌’ను హార్ప్‌సికార్డ్‌ మీద రికార్డు చేశారు. చరిత్రకెక్కిన రికార్డు. కానీ ఆమె వాయించింది పాత వాద్యం కాదు. పియానోలు తయారుచేసే ప్లెయెల్‌ కంపెనీ ఆమె కోసం చేసిన బరువైన కొత్త వాద్యం. ఆ తరం వాళ్లకు ‘పాతది’ అంటే పేరు పాతదైతే చాలు.

ఆ పద్ధతిని మార్చినవాళ్లలో ముఖ్యుడు నికోలస్‌ ఆర్నన్‌కూర్‌. వియన్నాలో ఓ పెద్ద ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే ఉద్యోగి. 1953లో భార్య ఆలిస్‌, కొందరు మిత్రులతో కలిసి ‘కాన్సెంటస్‌ మ్యూజికస్‌’ అనే బృందం పెట్టారు. పగలు ఉద్యోగం, మిగతా వేళల్లో పాత వాద్యాలు వెతికి కొనడం, ఇంట్లో సాధన. మొదటి కచేరీ ఎప్పుడు చేశారో తెలుసా? 1957లో. నాలుగేళ్లు నలుగురి ముందుకూ రాకుండా కూర్చున్నారు! ఆ తర్వాత డచ్చి విద్వాంసుడు గుస్తావ్‌ లియోన్‌హార్ట్‌తో పని పంచుకుని, బాక్‌ రాసిన దాదాపు 200 చర్చి కాంటాటాలనూ పాత వాద్యాలపై రికార్డు చేయడానికి 1971లో దిగారు. ముగిసేసరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. సీరియల్‌ రెండేళ్లు సాగితేనే మనం విసుక్కుంటాం.

మరీ ముచ్చటైన కథ జపానుది. మసాకి సుజుకి 1990లో బాక్‌ కలీజియం జపాన్‌ స్థాపించారు. 1995లో కాంటాటాల రికార్డింగు మొదలుపెట్టి 2013లో ముగించారు. 55 సంపుటాలు. బాక్‌ పుట్టిన జర్మనీ ఎక్కడ, కోబే ఎక్కడ! ‘ఇది మా రక్తంలో ఉంది’ అని చెప్పుకొనే వీలు ఆయనకు లేదు. ఉన్నదల్లా పుస్తకం, వాద్యం, ఓపిక.

పుస్తకం అన్నాను కదా... అది చిన్న విషయం కాదు. బాక్‌ పోయిన కొద్ది ఏళ్లకే వేణువు ఎలా ఊదాలో క్వాంట్జ్‌ (1752), మీటల వాద్యం ఎలా వాయించాలో బాక్‌ కొడుకు కార్ల్‌ ఫిలిప్‌ (1753), వయొలిన్‌ ఎలా పట్టాలో మొజార్ట్‌ తండ్రి లియోపోల్డ్‌ (1756) రాసి పెట్టారు. రెండు వందల ఏళ్ల తర్వాత అవే గురువులయ్యాయి.

నాపరాయి గదిలో వయొలిన్‌

తాండూరులో నాకు తెలిసిన ఓ విశ్రాంత లెక్చరరు గారింట్లో ఈ సంగీతం విన్నాను. గది నేల నాపరాయి. అక్కడ ఏ ఇంట్లో చూసినా అంతే కదా, ఊరి కిందంతా అదే రాయి! నున్నటి నేల మీద శబ్దం నిలవదు, తుళ్లుతుంది. సార్‌ అనుభవజ్ఞులు. ముందే రెండు బొంతలు పరిచి, కిటికీకి దుప్పటి కట్టారు. “రాయి మీద ఇనుప తీగ వింటే పళ్లు జివ్వుమంటాయమ్మా” అన్నారు.

వీవాల్డీ ‘ఫోర్‌ సీజన్స్‌’లో చలికాలం భాగాన్ని రెండుసార్లు వినిపించారు. 1725లో అచ్చయిన రచన అది. వయొలిన్‌ వణుకుతూ మొదలవుతుంది. మొదటిది పెద్ద ఆర్కెస్ట్రా, ఇనుప తీగలు. రెండోది పాత వాద్యాల బృందం. ఎనిమిదో తరగతి చదివే మనవడు ఫోనులోంచి తలెత్తి, “మొదటిది సినిమాలో చలి. రెండోదే నిజం చలి” అన్నాడు. సమీక్షకుడు ఓ పేజీ రాసినా ఇంతకంటే చెప్పలేడు.

హార్ప్‌సికార్డ్‌ పెట్టగానే సార్‌ వాళ్లమ్మగారు లోపలినుంచి వచ్చారు. “గిదేం సప్పుడు బిడ్డా? గజ్జెల మూట ఇదిలించినట్టున్నది!” తర్వాత వయోలా ద గాంబ పెట్టారు. ఆమె మంచం అంచున కూర్చుని చివరిదాకా విన్నారు. “ఇది మంచిగున్నది. మన్సి లోపట్లోపట ఏడ్చినట్టున్నది” అన్నారు. కాసేపాగి, “మా చిన్నప్పుడు మా ఊరికి కిన్నెర పట్టుకుని ఒకాయన వచ్చేది. తీగె మీటి కథ మొదలువెడితే పొద్దు ఎటు వోయిందో తెల్వకపోయేది” అన్నారు.

“మా సోషల్‌ పుస్తకంలో ఉంది కిన్నెర” అన్నాడు మనవడు. “విన్నావా ఎప్పుడైనా?” అని అడిగితే, “సినిమా పాట మొదట్లో వస్తుంది కదా” అన్నాడు.

ముసలమ్మకు పూట గుర్తుంది. మనవడికి నిమిషం తెలుసు.

మైనం మీద నిలబడ్డ మెట్లు

కిన్నెర అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం... వెదురు దండి. దాని కింద ఎండబెట్టిన సొరబుర్రలు. పైన తీగ. దండి మీద తేనెమైనంతో అతికించి నిలబెట్టిన మెట్లు. పాలమూరు ప్రాంతంలో దక్కలి కళాకారుల చేతుల్లో ఇది బతికింది. నాగర్‌కర్నూల్‌ జిల్లా దర్శనం మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. వికారాబాద్‌ జిల్లాకు ఆనుకునే నారాయణపేట జిల్లా ఉంది. అక్కడి దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయనది బుర్రవీణ. అదీ సొరబుర్ర, వెదురు, తీగలే. కొడంగల్‌ దాటితే వచ్చే ఊళ్ల వాద్యం ఢిల్లీ దాకా వెళ్లిందన్నమాట.

ఇప్పుడు ఆ మెట్ల సంగతికి వద్దాం. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ రాశాడు. అందులో ‘కిన్నరి’ అనే వాద్యాన్ని వర్ణించాడు. దండి, సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు! దేవగిరి మరెక్కడో లేదు. ఇవాళ్టి దౌలతాబాదే. వికారాబాద్‌ జంక్షన్‌లో పర్లీ లైను పట్టుకుంటే రైలు అటే పోతుంది. పాల్కురికి సోమనాథుడి ‘బసవ పురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. ఆ కథలు నడిచిన కల్యాణ నగరమే బీదర్‌ జిల్లాలోని బసవకల్యాణ్‌. తాండూరు నుంచి చూస్తే అదీ ఇరుగుపొరుగే.

శార్ఙ్గదేవుడు చూసిన కిన్నరీ, మొగులయ్య చేతిలోని కిన్నెరా ఒకటేనా? అలా కళ్లు మూసుకుని చెప్పలేం. ఏడెనిమిది వందల ఏళ్లలో ఏ వస్తువైనా మారుతుంది. కానీ పేరు అదే. బుర్ర అదే. మైనం అదే. ఇంకో సంగతి... బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే వీణను చూడండి. దాని కంచు మెట్లు కూడా మైనంలోనే కూర్చుంటాయి. వీణ మెడ కింద వేలాడే గుండ్రటి బుర్ర కూడా ఒకప్పుడు సొరకాయదే. కచేరీ వేదిక మీది వీణకూ, ఊరి చివర పలికిన కిన్నెరకూ మైనం దగ్గర చుట్టరికం ఉంది. ఒకదాన్ని సరస్వతి చేతిలో పెట్టి పూజించాం. రెండోదాన్ని గుమ్మం బయటే నిలబెట్టాం.

అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. కర్ణాటక సంగీతానికి పుస్తకం ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ప్రచురించారు. అచ్చయింది తమిళనాడులోని ఎట్టయపురంలో, భాష మాత్రం తెలుగు! ఏ స్వరాన్ని ఎలా ఊపాలో, ఎక్కడ జారాలో గుర్తులు పెట్టి మరీ రాశారు. మన సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చిన బాలుస్వామి దీక్షితులు ఈయనకు తాత, దత్తత తీసుకున్న తండ్రి కూడా. క్వాంట్జ్‌ పుస్తకం యూరప్‌ వాళ్లకు ఎలాగో, మనకిది అలాగ. పైగా వాళ్లకు లేనిది మనకొకటి ఉంది. గురువు నుంచి శిష్యుడికి వచ్చిన పాట తెగిపోలేదు.

కిన్నెరకు ఆ వరస ఒక్కటే ఉంది. పుస్తకం లేదు. ఏ మెట్టు ఎంత దూరంలో పెట్టాలో ఓ పెద్దాయన వేళ్లకు తెలుసు. కథలో ఎక్కడ తీగ ఆపి గొంతెత్తాలో ఆయన ఊపిరికి తెలుసు. ఆ మనిషి వెళ్లిపోతే, జపాను నుంచి ఎంత ఓపికమంతుడు వచ్చినా చదువుకోవడానికి ఏముంటుంది? సొరబుర్ర మ్యూజియంలో దొరుకుతుంది. పాట దొరకదు. యూరప్‌ వాళ్లది వాద్యం చచ్చాక పుస్తకం పట్టుకుని బతికించుకున్న కథ. మనది వాద్యం బతికుండగానే రాసుకోవలసిన కథ. ఇక్కడ రికార్డే పుస్తకం.

సినిమా తర్వాత ఏం జరిగింది

సినిమా మేలు చేయదని కాదు. 1991లో ఫ్రాన్సులో ఓ సినిమా వచ్చింది. పేరుకు తెలుగు చేస్తే ‘లోకంలోని ఉదయాలన్నీ’ అని. పదిహేడో శతాబ్దపు ఇద్దరు గాంబ విద్వాంసుల కథ. సంగీతం జోర్డి సవాల్‌ది. అప్పటిదాకా గాంబ పేరు కూడా వినని జనం ఆ డిస్కు కొనుక్కెళ్లారు. సవాల్‌ ఆ ఊపును వదల్లేదు. 1998లో ‘ఆలియా వోక్స్‌’ పేరుతో సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు. ఏ పాట ఎంతసేపు ఉండాలో, ఏ గదిలో రికార్డు చేయాలో, అట్ట మీద ఏం రాయాలో నిర్ణయం ఆయనదే.

మన దగ్గర 2021లో ‘భీమ్లా నాయక్‌’ టైటిల్‌ పాట మొగులయ్య గొంతుతో మొదలైంది. రాష్ట్రమంతా ఊగిపోయింది. మరుసటి ఏడాది పద్మశ్రీ, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల ప్రకటన. 2024 మేలో ఆయన హైదరాబాద్‌ శివార్లలో ఓ భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్న దృశ్యాలు వార్తల్లో వచ్చాయి. చూసినవాళ్లంతా అయ్యో అన్నారు. నాకు తట్టింది వేరే. ఆ మూడేళ్లలో ఆయన కథలన్నింటినీ మొదటినుంచి చివరిదాకా రికార్డు చేసే పని ఒకటి పెట్టుకుని, దానికి నెలనెలా జీతం ఇచ్చి ఉంటే? సన్మానంలో శాలువా కప్పుతాం. పని చెప్పం. సవాల్‌కు సినిమా తర్వాత పని దొరికింది. తేడా అదే.

అసలు కూలి దృశ్యాలు రాకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. సినిమాలో కిన్నెర తీగ ఎంతసేపు వినిపించింది? పాట మొదలయ్యాక డప్పులు, గిటార్లు కమ్మేశాయి. హాలు పెద్దదై పేగు తీగను మింగేసినట్టే! ఆ పాట బాగాలేదనడం లేదు, నేనూ పదిసార్లు విన్నాను. కానీ అది కిన్నెర రికార్డు కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని కూడా వినాలి. అమెరికా పండితుడు రిచర్డ్‌ టారుస్కిన్‌ ఈ పాత వాద్యాల ఉద్యమాన్ని గట్టిగా నిలదీశారు. మీరు వినిపిస్తున్నది బాక్‌ కాలపు సంగీతం కాదు, పాత బట్టలు వేసుకున్న ఈ కాలపు అభిరుచి అన్నది ఆయన వాదన. వాద్యం పాతది తేవచ్చు, చెవులు పాతవి తేలేం కదా! ఇందులో నిజముంది. కిన్నెరకూ ఇది వర్తిస్తుంది. పాలమూరు కిన్నెర మీద బాగా పలికే పండుగ సాయన్న కథ నిజాం కాలం నాటిది, శార్ఙ్గదేవుడి కాలం నాటిది కాదు. దొరలను దోచి పేదలకు పంచిన వీరుడని ఊళ్లు చెప్పుకొనే మనిషి కథ అది. వాద్యం పాతది, పాట దానికంటే కొత్తది. అందుకని విలువ తగ్గదు. ‘ప్రాచీన సంగీతం’ అని అట్ట మీద అచ్చేసి అమ్మేవాడు వస్తే మాత్రం కాస్త జాగ్రత్త పడాలి.

అట్ట మీద ఏముండాలి

మంచి బరోక్‌ రికార్డు కొంటే లోపల చిన్న పుస్తకం వస్తుంది. వయొలిన్‌ ఎవరు చేశారు, ఏ ఊళ్లో, ఏ ఏడు. అసలుదా, నకలా. శ్రుతి ఎంత. ఏ చర్చిలో, ఏ తేదీల్లో రికార్డు చేశారు. పాటలోని మాటలన్నీ. మొదట్లో ఇదంతా ఎవరు చదువుతారనిపించేది. ఇప్పుడు అదే ముందు చదువుతాను.

కిన్నెరకు అలాంటి అట్ట ఎవరైనా రాస్తే చూడాలని ఉంది. బుర్ర ఏ ఊరి పాదుకు కాసింది, ఎన్నాళ్లు ఎండింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఎంత. మైనం ఎక్కడిది. ఎండాకాలం మెత్తబడితే ఏం చేస్తారు. వాయించిన మనిషి ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆ గురువు ఎవరి దగ్గర. దక్కలివాళ్లు మాదిగ ఇళ్ల ముందు చెప్పే జాంబపురాణం పూర్తి పాఠం. ప్రొఫెసర్‌ జయధీర్‌ తిరుమలరావు వంటివారు ఏళ్లకేళ్లు తిరిగి ఇలాంటి వాద్యాలను పోగుచేశారు. కాబట్టి కొలతలకు చోటు లేకపోలేదు. కొలతల పక్కన గంటల కొద్దీ శబ్దం కావాలి.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు మొదలైంది 1902లో. ఒక వైపు మూడు నిమిషాలు. గౌహర్‌ జాన్‌ అంతటి గాయని రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో కుదించాల్సి వచ్చింది. ఇవాళ ఆ ఇబ్బంది లేదు. జేబులో ఉన్న ఫోను రాత్రంతా వింటుంది. అయినా మనం ముప్ఫై సెకన్లే తీస్తున్నాం.

వికారాబాద్‌, పరిగి, కొడంగల్‌, తాండూరు వైపు మీ ఊళ్లో గానీ మీ అమ్మమ్మ ఊళ్లో గానీ కిన్నెర, బుర్రవీణ, మరేదైనా తీగ వాయించే పెద్దవాళ్లుంటే ఇలా చేసి చూడండి. ముందు ఆయన్నడగండి, ఒప్పుకుంటేనే. ఆ రోజు కూలి ఎంతో అంత ముందే చేతిలో పెట్టండి. నాపరాయి గది వద్దు, చెట్టు కిందో పందిరి కిందో కూర్చోబెట్టండి. గాలి హోరు తగలని వైపు చూసుకోండి. ఫోను చేత్తో పట్టుకోకుండా మూరెడు దూరంలో బొంత మీద పెట్టండి. కాల్స్‌ రాకుండా ఆపేయండి. ఆయన తీగ సవరించుకుంటున్నప్పటినుంచే రికార్డు నొక్కండి, శ్రుతి చేసుకోవడమూ విద్యే. మధ్యలో దగ్గినా, టీ తాగినా, కుక్క మొరిగినా ఆపకండి. ‘ఒక పాట పాడు తాతా’ అనొద్దు. ‘మొత్తం కథ ఎంతసేపు పడుతుంది?’ అని అడగండి. ఆయన ‘తెల్లారుతది’ అంటే, ఛార్జరు కూడా పట్టుకెళ్లండి.